అన్నయ్య బాగుచేసిన దీపం

మా అన్నయ్య చేతికి చెడిపోయిన వస్తువు ఒకటి దొరికితే తిండీ నీళ్ళూ గుర్తుండవు. చిన్నప్పుడే ఇంట్లో అందరం కలిసి "మరమ్మతు" అని పేరు పెట్టేశాం. గోడ గడియారం, కుక్కరు పిడి, పక్కింటావిడ గొడుగు, ఏదీ తన చేతిలోంచి తప్పించుకోలేదు. బాగా పనిచేస్తున్నవాటిని కూడా ఒకసారి విప్పి చూస్తే గానీ మనసు నిలిచేది కాదు. విప్పినదాన్ని మళ్ళీ బిగించేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే ప్రతిసారీ ఒక మర మిగిలిపోయేది. "ఇది అనవసరంగా పెట్టారు" అంటూ దాన్ని జేబులో వేసుకునేవాడు.

ఇప్పుడు తనకు యాభై దాటాయి. లిఫ్టులు చూసుకునే కంపెనీలో ఉద్యోగం. ఊళ్ళో పెద్ద పెద్ద భవనాల్లో ఎక్కడ లిఫ్టు మొరాయించినా అన్నయ్యకు ఫోన్ వస్తుంది. ఇంతా చేసి తను ఉండేది లిఫ్టు లేని బిల్డింగులో, మూడో అంతస్తులో. "నీ ఇంటికి నువ్వే ఒకటి పెట్టుకోరాదూ" అని నేను వెళ్ళినప్పుడల్లా రొప్పుతూ అడుగుతాను. "ఆరోగ్యానికి మెట్లే మంచివి" అంటాడు, అక్కడికి లిఫ్టుల వల్ల జనాలకేదో జబ్బు చేస్తున్నట్టు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. అన్నయ్య, వదిన, మా అమ్మ. పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వదిన ఒక ఆసుపత్రి మందుల దుకాణంలో పనిచేస్తుంది. మధ్యాహ్నం వెళితే రాత్రి భోజనాల వేళకు గానీ రాదు. కాబట్టి సాయంత్రం అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ ఒక్కతే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే జరిగిందంతా ఆ సాయంత్రాల్లోనే జరిగింది.

ఒకసారి అన్నయ్య చౌకగా వస్తున్నాయని ఫోన్‌తో వెలిగించే బల్బులు పెట్టెడు కొన్నాడు. ఇంటినిండా బిగించాడు. ఏడాది తిరక్కుండానే ఆ బల్బుల కంపెనీ మూతపడింది. దాంతోపాటు ఫోన్‌లో దాని యాప్ కూడా పడకేసింది. హాల్లో దీపం నీలం రంగులోకి మారి ఇక మారనని కూర్చుంది. "సినిమా హాల్లో కాపురం చేస్తున్నట్టుంది" అని వదిన విసుక్కుంది. మామూలు మనిషైతే బల్బులు విప్పి చెత్తబుట్టలో వేసేవాడు. మరమ్మతు అలా ఎందుకు చేస్తాడు?

వెతగ్గా వెతగ్గా ఇంటర్నెట్‌లో ఒక గుంపు దొరికింది. ఎక్కడెక్కడివాళ్ళో, ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్ళు, ఇళ్ళలో వాడే దీపాలూ ఫ్యాన్లూ తలుపు గంటలూ ఏ కంపెనీవైనా సరే మన మాట వినేలా చేసే ప్రోగ్రాములు రాసి ఒకచోట పెట్టారు. ఉచితం. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా చదవచ్చు, తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్ది పంపవచ్చు. ఆ దిద్దుబాటు సరైనదని పెద్దలు ఒప్పుకుంటే అందరి ఇళ్ళకూ చేరుతుంది. దాన్ని వాళ్ళు లైబ్రరీ అంటారు. అన్నయ్య మొదట తన నీలం దీపం కోసం వెళ్ళాడు. దీపం తెల్లబడింది గానీ అన్నయ్య వెనక్కి రాలేదు. ఆఫీసు నుంచి రావడం, వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చోవడం, ఊరూ పేరూ తెలియనివాళ్ళ ఇళ్ళలో ఫ్యాన్లు తిరిగేలా చేయడం. ఆదివారాలూ అంతే.

"మావాడు లైబ్రరీలో ఊరికే సేవ చేస్తున్నాడు" అని అమ్మ మెట్ల మీద కలిసిన వాళ్ళకల్లా చెప్పేది. కింది అంతస్తు మాస్టారు ఒకరోజు అన్నయ్యను ఆపి, తన దగ్గర పాత పుస్తకాలున్నాయి, ఇస్తే తీసుకుంటారా అని అడిగారు.

అమ్మ గురించి చెప్పాలి. మా అమ్మ టెలిఫోన్ ఆపరేటరు. రిటైరయ్యేదాకా అదే పని. పాత ఎక్స్ఛేంజీలో ఎత్తైన బోర్డు ఉండేదట, దాని నిండా చిన్న చిన్న దీపాలు, ప్రతి దీపం కింద ఒక రంధ్రం. ఎవరింట్లోనైనా రిసీవరు ఎత్తితే వాళ్ళ దీపం వెలిగేది. వెంటనే ఆ రంధ్రంలో ప్లగ్గు పెట్టి పలకాలి. దీపం వెలిగాక ఆలస్యం చేయడం ఎంత తప్పో, వెలగకుండా లైన్లోకి దూరడం అంతకంటే పెద్ద తప్పు. పిలవని పేరంటానికి వెళ్ళి పక్కవాళ్ళ మాటలు విన్నట్టు. అలా విన్న ఒకావిడ ఉద్యోగం పోయిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది, నిన్న జరిగినట్టు గొంతు తగ్గించి.

అలాంటి మనిషికి చెవులు తగ్గాయి. వయసు. చెవి మిషన్ పెట్టించాం గానీ అది ఉండి ఉండి ఈల వేస్తుంది. అందుకని పగలంతా దాన్ని డబ్బాలోనే ఉంచి, మాట్లాడే మనిషి ఉన్నప్పుడే పెట్టుకుంటుంది. తలుపు తీసిన చప్పుడూ వినపడదు, వెనక మనిషి నిలబడ్డా తెలియదు. హఠాత్తుగా ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంది.

ఇక అసలు విషయం. ఆ పెట్టెడు బల్బుల్లో చాలావాటిని వదిన పట్టుబట్టి మార్పించేసింది. మిగిలిన ఒకటి అమ్మ గదిలోకి చేరింది, ఇంకొకటి అన్నయ్య బల్ల సొరుగులో. పొద్దుగూకగానే అమ్మ గది దీపం తనంతట తనే వెలిగేది. ఆ తర్వాత కాసేపటికి అది రెండుసార్లు రెప్ప వేసినట్టు ఆరి వెలిగేది. అలా ఆరి వెలిగాక కొద్దిసేపట్లో అన్నయ్య ఇంట్లో అడుగుపెట్టేవాడు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. రోజూ.

అమ్మకు దానికి అర్థం చెప్పేవాళ్ళు అక్కర్లేదు. దీపం వెలిగిందంటే ఎవరో పిలుస్తున్నారు. పిలిచేది కొడుకు. "అమ్మా, వచ్చేస్తున్నా" అని.

రెప్ప పడగానే అమ్మ లేచి చెవి మిషన్ పెట్టుకునేది. జుట్టు దువ్వుకునేది. టీకి నీళ్ళు పడేసి ముందు గదిలో చెప్పుల స్టాండు పక్కన కుర్చీలో కూర్చునేది. అన్నయ్య తలుపు తీసేసరికి ఎదురుగా అమ్మ, చేతికి టీ. షూ లేసులు విప్పుకుంటూ, టీ తాగుతూ, ఆరోజు ఏ లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నారో చెప్పేవాడు. ఒకరోజు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు మొత్తం కుటుంబంతో ఇరుక్కుపోయారట. తలుపు తీసేలోపు లోపలే మాటలు కుదిరిపోయాయట. ఆ కథను అమ్మ నాకు కనీసం నాలుగుసార్లు చెప్పింది. టీ అయిపోగానే అన్నయ్య వెనక గదిలోకి వెళ్ళేవాడు. అంతే, ఆ కాస్త సేపే. రోజంతా మాట వినపడని మనిషికి ఆ కాస్త సేపే రోజు.

"వాడు రాగానే దీపంతో పిలుస్తాడే" అని అమ్మ నాతో ఒకసారి అంది. పర్వాలేదే, మరమ్మతుకు ఇన్నాళ్ళకు ఇంట్లో మనిషి కూడా గుర్తొచ్చింది అనుకుని నేను మురిసిపోయాను.

నిజానికి అన్నయ్యకు ఆ సంగతే తెలియదు. తన ఫోన్ కింద మెట్ల దగ్గరికి రాగానే ఇంటి వైఫైకి తగులుకునేది. యజమాని వచ్చాడని తెలిసి ముందు గది దీపం వెలగాలి, అంతవరకే తను ఏర్పాటు చేసింది. వదిన ఫోన్‌కు ఆ ఏర్పాటు లేదు. "నా ఫోన్ నీ ప్రయోగాలకివ్వను" అని ఆవిడ మొదట్లోనే తేల్చి చెప్పింది. అయితే లైబ్రరీలో ఒక చిన్న తప్పు ఉంది. ఇంట్లోకి ఎవరైనా రాగానే అది ఒక్క ముందు గది దీపంతో ఊరుకోకుండా, వెలుగుతున్న ప్రతి దీపానికీ "వెలుగుతూ ఉండు" అని మరోసారి చెప్పేది. మిగతా కంపెనీల దీపాలు ఆ మాటను పట్టించుకునేవి కావు. ఆ మూతపడిన కంపెనీ దీపం మాత్రం కంగారుపడి రెండుసార్లు ఆరి వెలిగేది. అమ్మ గదిలో అది జరిగే సమయానికి అన్నయ్య ఎప్పుడూ కింద ఎవరితోనో మాట్లాడుతూనో మెట్లెక్కుతూనో ఉండేవాడు.

ఆ గుంపులో ఈ తప్పు బాగా పేరుమోసిందట. దానికి రెప్పపాటు అని పేరు కూడా పెట్టుకున్నారు. ఎక్కడో ఎవరింట్లోనో పాప నిద్రలేచి ఏడుస్తోందని ఒకరు, చదువుకుంటుంటే చిరాగ్గా ఉందని ఒకరు. చాలామంది ప్రయత్నించి వదిలేశారు. అన్నయ్యకు ఇంకేం కావాలి? సొరుగులో బల్బు తీసి బల్ల మీద పెట్టుకుని, కొన్ని ఆదివారాలు దానితోనే కాపురం చేసి, చివరికి మూలం పట్టుకున్నాడు. దిద్దింది రెండు వాక్యాలేనట. వెలుగుతున్నదానికి వెలగమని మళ్ళీ చెప్పకు, అంతే.

గుంపంతా ఆకాశానికెత్తేసింది. లైబ్రరీకి పెద్దదిక్కుగా ఉన్న మనిషి, వీళ్ళందరూ పెద్దాయన అని పిలుచుకునేవాడు, స్వయంగా మెచ్చుకుంటూ రాశాడు. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. దిద్దినవాడు ముందు తన ఇంట్లో పెట్టుకుని చూడాలి, ఆ తర్వాతే ఊరికివ్వాలి. అన్నయ్య పద్ధతి తప్పే మనిషి కాదు. ముందు ఇంట్లోనే పెట్టాడు.

మర్నాడు సాయంత్రం తలుపు తీసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. టీ లేదు. అమ్మకు ఒంట్లో బాగాలేదేమో, చూద్దాం అనుకున్నాడట. ఈలోపు జేబులో ఫోన్ మోగింది. ఎవరో, ఇక రెప్పపాటు పోతుంది, మా పాప హాయిగా పడుకుంటుందని రాశారు. అది చదువుకుంటూ వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా.

అమ్మ తన గదిలో దీపం వైపు చూస్తూ కూర్చుంది. ఆలస్యమైందేమో అనుకుంది. చాలాసేపటికి మంచినీళ్ళ కోసం లేచి వస్తే, స్టాండులో అన్నయ్య షూ ఉన్నాయి. వెనక గది తలుపు తెరిచి ఉంది. కంప్యూటర్ వైపు తిరిగి, చెవులకు ఏదో తగిలించుకుని, కొడుకు వీపు కనిపించింది. గుమ్మంలో కాసేపు నిలబడి వచ్చేసింది.

మర్నాడూ దీపం పలకలేదు. ఆ మర్నాడూ లేదు. ఒకట్రెండుసార్లు దీపం పిలవకపోయినా అమ్మ జుట్టు దువ్వుకుని కుర్చీలో వచ్చి కూర్చుంది. ఎప్పుడొస్తాడో తెలియక కూర్చుని కూర్చుని కునుకు పట్టింది. అన్నయ్య వచ్చి, పాపం నిద్రపోతోంది, లేపడమెందుకని చప్పుడు కాకుండా షూ విప్పుకుని వెళ్ళాడు. లేచి చూస్తే షూ స్టాండులో ఉన్నాయి. ఇంత అయ్యాక అమ్మ తనకు తానే సర్దిచెప్పుకుంది. వాడికి పనెక్కువైంది, నాతో మాట్లాడే తీరిక లేదు, నోటితో చెప్పలేక దీపం ఆపేశాడు. దీపం వెలగనప్పుడు లైన్లోకి వెళ్ళకూడదు.

అడగొచ్చు కదా అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. మా అమ్మ అడగదు. జీవితమంతా ఎదుటివాళ్ళు పిలిస్తే పలికిన మనిషి.

కొన్నాళ్ళకు మా ఇంటికి వచ్చింది. నాలుగు రోజులుంటానని నాలుగు చీరలతో వచ్చి, నెలలు ఉండిపోయింది. అన్నయ్య రోజూ ఫోన్ చేసేవాడు. టెలిఫోన్ ఆపరేటరుకు టెలిఫోన్‌లో మాట వినపడదు కదా, నాతోనే మాట్లాడి "అమ్మను అడిగానని చెప్పు" అని పెట్టేసేవాడు. వచ్చేయమను అంటే అమ్మ చెయ్యి ఊపేది. "ఇక్కడ బాగానే ఉందిలే."

ఒకరోజు బట్టలు మడతపెడుతూ పట్టుబట్టి అడిగాను. "అక్కడేమైందమ్మా? వదిన ఏమైనా అందా?"

"ఛ, ఆ పిల్ల బంగారం. ఎవరూ ఏమీ అనలేదు."

"మరి?"

అమ్మ దిండు గలీబు నాలుగు మూలలూ కలిపి, మళ్ళీ విప్పి, మళ్ళీ కలిపింది. "వాడు నన్ను పిలవడం మానేశాడే" అంది. తర్వాత ఒక్కొక్కటే మొత్తం చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఫోన్ చేశాను.

"అమ్మను పిలవడం ఎందుకు మానేశావ్?"

"ఏంటే? రోజూ చేస్తూనే ఉన్నాగా?"

"ఫోన్ కాదు. అక్కడున్నప్పుడు దీపంతో పిలిచేవాడివిగా, అది."

"ఏ దీపం?"

"నటించకు. నువ్వొస్తున్నావని అమ్మ గదిలో దీపం రెండుసార్లు ఆర్పి వెలిగించేవాడివి. టీ ఎలా సిద్ధంగా ఉండేదనుకున్నావ్, మంత్రాలకా?"

తిట్టడానికి నేను ఊపిరి తీసుకుంటుండగా అన్నయ్య గొంతు వచ్చింది. "రెండుసార్లా? కచ్చితంగా రెండేసార్లా?" అని.

ఆ గొంతులో బాధ లేదు. ఉత్సాహం ఉంది. నాకు అప్పుడే భయం వేయాల్సింది.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. ఒక చేత్తో కంప్యూటరు, ఒక చేత్తో సొరుగులోని ఆ బల్బు. అమ్మకు చెవి మిషన్ పెట్టించి ఎదురుగా కూర్చోబెట్టాడు. మా టేబుల్ లైటులో బల్బు బిగించాడు. కంప్యూటర్‌లో దిద్దకముందున్న పాత ప్రోగ్రాము పెట్టి ఏవో నొక్కాడు. దీపం వెలిగింది. తన ఫోన్‌లో వైఫై ఆపి మళ్ళీ పెట్టాడు.

దీపం ఆరింది, వెలిగింది. ఆరింది, వెలిగింది.

అమ్మ ముఖం చూడాలి అప్పుడు. చెయ్యి తనకు తెలియకుండానే జుట్టు మీదికి పోయింది. "అదే! అదేరా! నువ్వు పిలిచేవాడివే, అదే."

"అదేనమ్మా!" అన్నయ్య గట్టిగా నవ్వాడు. లిఫ్టులో ఎక్కడ చెడిందో దొరికినప్పుడు కూడా అలాగే నవ్వుతాడేమో. "దొరికింది చూశావా! ఇది నేను చేసింది కాదు. ఇదొక తప్పు. ఈ రకం దీపానికి ఒకే మాట మళ్ళీ చెబితే తడబడుతుంది. నా ఫోన్ మెట్ల దగ్గరికి రాగానే దానంతటదే జరిగేది. దాన్ని నేనే బాగుచేశాను, అందుకే ఆగిపోయింది. అంతే అమ్మా! నీ మీద కోపమూ లేదు, ఏమీ లేదు."

అమ్మ దీపం వైపు చూసింది. అన్నయ్య వైపు చూసింది. "అంటే... ఆ రోజుల్లో పిలిచింది నువ్వు కాదా?"

"కాదమ్మా. నాకసలు తెలిస్తేగా!" అన్నాడు ఎంతో ఊరటగా. "అదే చెబుతున్నా. నేను మానేశానని బాధపడ్డావు. అసలు మొదలుపెడితే కదా మానెయ్యడానికి!"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ రోజు కళ్ళారా చూశాను. ఇంతకాలం అమ్మకు పోయింది కొన్ని నెలల పిలుపు. ఈ మహానుభావుడు ఒక్క మాటతో అంతకుముందు సంవత్సరాల పిలుపు కూడా పట్టుకుపోయాడు. పాపం, పోగొడుతున్నానని తెలియకుండా. మంచి వార్త చెబుతున్నాననుకుని.

అమ్మకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "ఎక్స్ఛేంజీలో కూడా ఉండేవి అలాంటివి" అంది మామూలుగా. "వానలకు లైన్లో తడి చేరితే దీపం ఒట్టిగా వెలిగేది. మేము ప్లగ్గు పెట్టి హలో హలో అనేవాళ్ళం. అవతల ఎవరూ ఉండేవాళ్ళు కాదు."

చెవి మిషన్ తీసి డబ్బాలో పెట్టుకుని, నా భుజం పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది.

నేను అన్నయ్యను వంటింట్లోకి లాక్కెళ్ళి కడిగేశాను. "అన్నీ విప్పి చూపించాలా నీకు? అమ్మను కూడా విప్పి చూడాలా?"

"మరి నిజం చెప్పొద్దా?" అన్నాడు. ఇంకా అర్థం కాలేదు.

"తప్పని చెప్పావు. ఆవిడ జుట్టు దువ్వుకుని కూర్చున్నది ఒక తప్పు కోసం అని చెప్పావు."

అన్నయ్య స్టవ్ మీది టీగిన్నె వైపు చూశాడు. "టీ రోజూ సరిగ్గా వేడిగా ఉండేదే" అన్నాడు, నాతో కాదు. "నేను తలుపు తీసేసరికి. అమ్మకు నా టైము తెలుసనుకున్నాను. నా టైము ఏనాడైనా ఒకలా ఏడ్చిందా?" అని చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. నాన్న పోయినరోజు కూడా ఏర్పాట్లన్నీ చూసుకుంటూ తిరిగిన మనిషి. 

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మొదలైంది. అన్నయ్యకు తెలిసిన విద్య ఒకటే. లైబ్రరీలో కొత్త ఏర్పాటు రాశాడు. ఇంట్లో మనిషి వస్తుంటే, కోరుకున్న గదిలో దీపం రెండుసార్లు మెల్లగా రెప్ప వేస్తుంది. ఏ కంపెనీ దీపమైనా సరే. ఈసారి పొరపాటు కాదు, కావాలని చేసింది. కొత్తది ఏదైనా చేర్చాలంటే అది ఎవరి కోసమో రాయాలని అక్కడి నియమం. మిగతావాళ్ళు పేజీలు రాస్తారట. అన్నయ్య "మా అమ్మ కోసం, ఆవిడకు వినపడదు" అని ఒక్క ముక్క రాశాడు. పెద్దాయన ఒక్క ప్రశ్న అడగకుండా చేర్చేశాడు. తర్వాత ఉత్తరాలే ఉత్తరాలు. మా నాన్నగారికి వినపడదు, మా ఆవిడకు వినపడదు, మా తాతయ్య ఇప్పుడు తలుపు దగ్గరికొచ్చి నిలబడుతున్నాడు. ఒకాయన ఫొటో కూడా పంపాడు, గుమ్మంలో ఒక ముసలాయన పళ్ళు లేకుండా నవ్వుతూ.

అమ్మ తిరిగి వెళ్ళింది. వదిన వచ్చి "మీరు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదత్తయ్యా" అని చీరలు తనే సర్దేసింది. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను, అమ్మ గదిలో. పొద్దుగూకింది. దీపం వెలిగింది. కాసేపటికి రెండుసార్లు రెప్ప వేసింది. పాతదానిలా కంగారుగా కాదు, ఎంతో మెల్లగా, మర్యాదగా. అమ్మ తలెత్తి చూసింది. మళ్ళీ చేతిలోని పేపరు చదువుకోవడం మొదలుపెట్టింది.

అన్నయ్య తలుపు తీసిన చప్పుడు, ముందు గదిలో ఆగిన చప్పుడు నాకు వినపడ్డాయి. షూతోనే గదిలోకి వచ్చాడు. నేను అమ్మకు చెవి మిషన్ అందించాను.

"దీపం వెలగలేదా అమ్మా?"

"వెలిగింది. చూశాను."

"మరి రాలేదే?"

"నీ ఫోన్ మెట్ల దగ్గరికి వచ్చిందని తెలిసిందిలే."

"కాదమ్మా, ఇది వేరు. ఇది పిలుపే. నీకోసం నేనే రాశాను" అన్నాడు అన్నయ్య. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

అమ్మ అన్నయ్య తలమీద చెయ్యి వేసింది. ఎక్కడా నిష్ఠూరం లేదు, చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు చెప్పింది. "రాశావు నాన్నా. ఒక్కసారి రాశావు. ఇక రోజూ అదే పిలుస్తుంది. నువ్వు మర్చిపోయినా పిలుస్తుంది. నీకు నన్ను చూడాలని లేనిరోజు కూడా పిలుస్తుంది. అది పిలిచిందని నేను వచ్చి కూర్చుంటే ఎలా?"

అమ్మ అడిగిందని అన్నయ్య మర్నాడు ఆ గదిలో మామూలు బల్బు పెట్టాడు, గోడకు స్విచ్చి, నొక్కితే వెలిగేది. స్టూలెక్కి తను బిగిస్తుంటే అమ్మ కింద స్టూలు పట్టుకుందట.

ఇప్పుడు అన్నయ్య లైబ్రరీ పని పూర్తిగా మానలేదు గానీ, సాయంత్రం ఆ గదిలోకి వెళ్ళడు. వచ్చి షూ విప్పి నేరుగా అమ్మ దగ్గరికి వెళతాడు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. అమ్మ కిటికీ వైపు తిరిగి ఉంటుంది. జుట్టు రేగి ఉంటుంది. మిషన్ డబ్బాలో ఉంటుంది. మనిషి వచ్చినట్టు తెలియదు. అన్నయ్య ఎంత మెల్లగా భుజం తాకినా ఉలిక్కిపడుతుంది. రోజూ ఉలిక్కిపడుతుంది. గుండె మీద చెయ్యి వేసుకుని, తడుముకుని మిషన్ పెట్టుకుని, ఎదురుగా ఉన్న కొడుకును చూసి అడుగుతుంది.

"ఏం నాన్నా, నాతో ఏమైనా పనుందా?"